వాగ్దానపు కార్డు వచ్చిన ఏడాదిలోనే ఇన్ని కష్టాలైతే, "నా కృప నీకు చాలును" అన్న మాటను ఎలా అర్థం చేసుకోవాలి?

ప్రశ్న: చిత్తూరు గృహిణి

అందరికీ వందనములు.

మాది చిత్తూరు. 2024 డిసెంబరు 31 రాత్రి మా సంఘంలో ఆరాధన ముగిశాక, ఏటా జరిగే విధంగానే, వాగ్దానపు కార్డులను (కొత్త ఏడాదికి దేవుడిచ్చే మాటగా ఒక్కో బైబిలు వచనం అచ్చువేసినవి) పళ్ళెంలో పెట్టి కుటుంబానికొకటి తీసుకోమన్నారు. మా ఇంటి తరఫున మా అమ్మాయి కళ్ళు మూసుకుని తీసిన కార్డు మీద యిర్మీయా గ్రంథం 29వ అధ్యాయంలోని 11వ వచనం ఉంది. "రాబోవు కాలమందు మీకు నిరీక్షణ కలుగునట్లుగా అవి సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అన్న మాటను పాప పైకి చదివినప్పుడు మా అత్తగారు కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. ఆ కార్డును బీరువా అద్దానికి అంటించాము. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఫిబ్రవరిలో అత్తగారి మూత్రపిండాలు దాదాపుగా పనిచేయడం మానేశాయని తెలిసింది. అప్పటి నుండి వారానికి మూడు రోజులు ఆమెను డయాలసిస్‌కు తీసుకువెళ్ళి తీసుకురావడం నా పని అయింది. ఏప్రిల్‌లో మావారు లెక్కలు రాసే గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌ను మూసివేశారు. రెండు నెలల జీతం ఇంకా రావలసి ఉంది. మామగారికి బంగారుపాళెం దగ్గర మూడెకరాల తోతాపురి తోపు ఉంది గనుక, కాయ అమ్మితే జూన్‌లో కొంత ఊపిరి పీల్చుకోవచ్చుననుకున్నాము. ఈ జిల్లాలో ఉన్నవారికి 2025 జూన్ సంగతి నేను చెప్పనవసరం లేదు. గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇస్తే ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుందని, మొత్తం 12 రూపాయలు దక్కుతుందని ప్రకటించారు గానీ, మా ట్రాక్టరు ఒక ఫ్యాక్టరీ గేటు బయట మూడు పగళ్ళు, మూడు రాత్రులు వరుసలో నిలిచింది. తూకం వేసే సమయానికి అడుగున ఉన్న కాయ మెత్తబడి రసం కారుతుండగా, వచ్చిన సరుకులో మూడో వంతును పక్కకు తోసేశారు. కోత కూలీ, ట్రాక్టరు బాడుగ పోగా మిగిలిన డబ్బుతో కుదువ పెట్టిన నగల వడ్డీ కూడా పూర్తిగా తీరలేదు.

కష్టాలు అందరికీ ఉంటాయి. వాటిని లెక్కపెట్టడానికి నేను రాయడం లేదు. ఆదివారం సాక్ష్యాల సమయంలో ఒకరు ఇల్లు కట్టుకున్నామని, మరొకరు కుమారుడికి విదేశంలో ఉద్యోగం వచ్చిందని చెప్పి, తమకు వచ్చిన వాగ్దానం నెరవేరినందుకు స్తోత్రం చెల్లిస్తారు. వారి సంతోషం చూసి నాకు అసూయ లేదని అనుకుంటాను. ఉందేమో కూడా తెలియదు. అయితే ఆ అరగంట సేపు నేను తల వంచుకుని కూర్చుంటున్నాను. సంఘంలోని ఒక పెద్దావిడ "మీ ఇంట్లో ఒప్పుకోని పాపమేదో ఉండి ఉంటుందమ్మా, పరీక్షించుకోండి" అని ప్రేమగానే అన్నారు. ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి గత వారం "అమ్మా, వేరే వాళ్ళకు రావలసిన కార్డు పొరపాటున మనకు వచ్చిందేమో" అంటే నవ్వేశాను గానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తనను బాధించే ముల్లును తీసివేయమని అపొస్తలుడైన పౌలు మూడు సార్లు వేడుకుంటే, "నా కృప నీకు చాలును" అని ప్రభువు జవాబిచ్చాడు. చాలును అంటే ఏ లెక్కన చాలును? వడ్డీకి చాలదు, మందులకు చాలదు, నిద్రకు చాలదు. మరి దేనికి చాలుతుంది? నిరీక్షణతో ఉండడానికీ, మనల్ని మనం మభ్యపెట్టుకోవడానికీ తేడా ఎక్కడ ఉంది? దయచేసి వచనాల సంఖ్యలు మాత్రమే రాసి పంపకండి. వాటిని నేనూ చదివాను. అవి మీ ఇంట్లో, మీ కష్టంలో ఏం చేశాయో చెప్పగలిగితే మేలు చేసినవారవుతారు.


సమాధానం: విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, తిరుపతి

అమ్మా, మీ ప్రశ్నను రెండు రోజులు మనసులో పెట్టుకుని రాస్తున్నాను. వచనాల సంఖ్యలు వద్దన్నారు గానీ, మీ బీరువా అద్దం మీద ఉన్న ఆ ఒక్క వచనం గురించి మాట్లాడక తప్పదు. ఎందుకంటే మీ బాధలో సగం ఆ కార్డు వల్ల కలిగినదే.

నేను వాగ్దానపు కార్డులకు వ్యతిరేకిని కాను. మా ఇంట్లోనూ తీసుకుంటాము. అయితే ఆ కార్డును అచ్చువేసినవాడు 10వ వచనాన్ని కత్తెరకు అవతల వదిలేశాడు. ఆ అధ్యాయం ఒక ఉత్తరం. క్రీస్తుపూర్వం 597లో నెబుకద్నెజరు యెరూషలేము నుండి చెరపట్టుకుపోయిన ప్రజలకు, వెనుక మిగిలిన యిర్మీయా ప్రవక్త బబులోనుకు పంపిన ఉత్తరం అది. దానికి ముందు అధ్యాయంలో హనన్యా అనే మరొక ప్రవక్త, రెండేళ్ళలో అందరూ తిరిగి వస్తారని, ఆలయపు పాత్రలు కూడా తిరిగి వస్తాయని, దేవుని పేరు మీదనే జనం ముందు ప్రకటించాడు. వినడానికి ఎంత హాయిగా ఉండి ఉంటుందో ఆలోచించండి. యిర్మీయా మాత్రం ఆ 10వ వచనంలో డెబ్బై ఏళ్ళు అని రాశాడు. చెరలోకి వెళ్ళేనాటికి నలభై ఏళ్ళున్న మనిషికి ఆ ఉత్తరం చదవగానే ఒక విషయం స్పష్టంగా తెలిసిపోయి ఉంటుంది: తాను ఇంటి ముఖం చూడడు. "హానికరమైనవి కావు" అన్న మాటను వినిపించింది అటువంటి మనిషికి. అంటే, ఆ వచనం మీ ఇంటికి పొరపాటున రాలేదు. చెరలో ఉన్నవారికి రాసినది, కష్టంలో ఉన్న ఇంటికే చేరింది. పొరపాటు ఏదైనా ఉంటే, అది ఈ ఏడాదే అంతా చక్కబడుతుందని ఆ కార్డు చెప్పినట్లు మనం చదువుకోవడంలో ఉంది. అలా చెప్పినవాడు హనన్యా.

భాషకు సంబంధించిన ఒక చిన్న మాట చెప్పడానికి అనుమతించండి. ముప్పై నాలుగేళ్ళు తెలుగు పాఠాలు చెప్పినవాడికి ఈ మాత్రం చాదస్తం ఉంటుంది. మన తెలుగులో "మీరు" అన్నది ఒక్కరిని గౌరవించడానికీ వస్తుంది, పలువురిని పిలవడానికీ వస్తుంది. మన బైబిలులో దేవుడు ఒక మనిషితో మాట్లాడితే "నీవు" అంటాడు. పౌలుతో "నీకు చాలును" అన్నాడు. ఈ ఉత్తరంలో ఉన్నది "మిమ్మును", అంటే ఒక జనాన్ని. కుటుంబానికొకటిగా పంచడం వల్ల, అందరూ కలిసి మోయవలసిన మాటను ఒక్కొక్క ఇల్లు ఒంటరిగా మోస్తున్నది. సాక్ష్యాల సమయంలో మీరు తల వంచుకోవలసి రావడానికి కారణం మీ అవిశ్వాసం కాదని, ఆ ఒంటరితనమేనని నా అభిప్రాయం.

"నిరీక్షణ" అన్న మాటను కూడా గమనించండి. లోకంలో "ఆశ" అనే మాట ఉండగా, మన అనువాదకులు దీనిని ఎంచుకున్నారు. నిరీక్షించడం అంటే ఎదురుచూడడం. అందులో చూపు ఉంది, కాలం గడవడం ఉంది. మా పెదనాన్నగారికి 1940లలో క్షయ సోకినప్పుడు మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో చేర్చారు. వేర్వేరు మిషను సంఘాలు చేయి కలిపి సుమారు 110 ఏళ్ళ కిందట నెలకొల్పిన ఆ శానిటోరియంలో ఆ రోజుల్లో ఉన్న వైద్యం ముఖ్యంగా విశ్రాంతి, గాలి, మంచి తిండి. క్షయను చంపే మందులు ఇంకా మన దాకా రాలేదు. రోగులు నెలల తరబడి వరండాల్లో పడుకుని ఉండేవారు. అక్కడ నిరీక్షణ అంటే ఏమిటని చిన్నతనంలో నేను అడిగితే, పెదనాన్నగారు "పొద్దున, సాయంత్రం జ్వరం చూసి కాగితం మీద రాసేవాళ్ళురా, ఎక్కువున్నా రాసేవాళ్ళు, తగ్గినా రాసేవాళ్ళు" అన్నారు. ఆయన జవాబు నాకు అప్పుడు అర్థం కాలేదు. మీరు అడిగిన తేడా అక్కడే ఉందని ఇప్పుడు అనిపిస్తుంది. మభ్యపెట్టుకునేవాడు జ్వరం చూడడు. నిరీక్షించేవాడు ఉన్నది ఉన్నట్లు రాసుకుని, మర్నాడు మళ్ళీ చూస్తాడు.

ఆ ఉత్తరంలో దేవుడు చెరలో ఉన్నవారిని ఇండ్లు కట్టుకోమన్నాడు, తోటలు నాటుకోమన్నాడు, పిల్లలకు పెండ్లిండ్లు చేయమన్నాడు, తమను చెరపట్టిన పట్టణపు క్షేమం కోసం ప్రార్థించమన్నాడు. అవి 5, 6, 7 వచనాలు. మీ అమ్మాయితో కూర్చుని ఆ ఉత్తరాన్ని మొదటి నుండి చదవండి. ఇంటర్ చదివే పిల్లకు 70లో నుండి 2 తీసివేయడం కష్టం కాదు. హనన్యాకూ యిర్మీయాకూ మధ్య ఉన్న దూరాన్ని తనే పట్టుకుంటుంది.


సమాధానం: విశ్వాసి, రేణిగుంట

ప్రభువునందు ప్రియమైన సహోదరీ, పై వారు చరిత్ర చక్కగా చెప్పారు గానీ వాగ్దానం వాగ్దానమే, దానిని తేలిక చేయకూడదు. మలాకీ 3:10 ప్రకారం దశమభాగం పూర్తిగా ఇస్తున్నారో లేదో చూసుకోండి. రాబడి లేని సమయంలో విశ్వాసంతో ఇచ్చే కానుకను దేవుడు ఎక్కువగా ఆశీర్వదిస్తాడు. 21 రోజులు ఉపవాసముండి ప్రార్థించండి, ద్వారములు తెరవబడతాయి. మా బంధువులకు అలాగే జరిగింది.


సమాధానం: మామిడి రైతు, తవణంపల్లె

రేణిగుంట సోదరునికి వందనములు. మీరు మంచి మనసుతోనే రాశారని నమ్ముతున్నాను, అందుకే జవాబు రాస్తున్నాను. వారానికి మూడు రోజులు అత్తగారిని ఆసుపత్రికి మోసుకుపోయే ఆడమనిషిని 21 రోజులు పస్తుండమనడం నాకు సబబుగా తోచలేదు. నేను దశమభాగం తప్పకుండా ఇచ్చిన ఏళ్ళలోనే నాలుగు బోర్లు వేయించాను. మూడింటిలో దుమ్ము తప్ప చుక్క పడలేదు, నాలుగోది ఏడాదిన్నరకు ఎండిపోయింది. ఇచ్చినందుకు నేను విచారించడం లేదు. కానీ కానుక ఇస్తే బోరులో నీళ్ళు పడతాయన్న లెక్కను బైబిలు నాకు చెప్పలేదు. నీతిమంతుడై ఉండి కూడా అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి స్నేహితులు ముగ్గురు వచ్చి ఏడు రోజులు నేల మీద కూర్చుని ఒక్క మాట కూడా మాట్లాడలేదని రాసి ఉంది. వారు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచి, నీలో పాపం ఉంటేనే ఇలా జరుగుతుందని వాదించిన తరువాత, కథ చివర దేవుని కోపం యోబు మీదికి రాలేదు, వారి మీదికి వచ్చింది.

అమ్మా, తిరుపతి అయ్యవారు చెప్పింది నిజమే గానీ, డెబ్బై ఏళ్ళ లెక్క విని ఈ నెల వడ్డీ కట్టలేము గదా. అందుకని నా వైపు నుండి రెండు సంగతులు చెబుతాను.

మా నాలుగో బోరు ఎండిన వేసవిలో, నేను కొత్తగా నాటిన మామిడి మొక్కలకు మూడేళ్ళు. ఆకు వాడిపోతుంటే చూడలేక నేను తోపు వైపు వెళ్ళడం మానేశాను. పక్క పొలం ఆయన క్రైస్తవుడు కాడు. పెరటాసి నెల వస్తే శనివారాలు ఒక్కపొద్దు ఉంటాడు, ఏడాదికొకసారి నడిచి కొండకు వెళ్తాడు. గట్టు దగ్గర ఆయనకూ నాకూ పాత తగాదా కూడా ఉంది. ఒకరోజు ఆయనే తన బోరు నుండి పైపు లాగి నా మొక్కలకు రోజు మార్చి రోజు నీళ్ళు పెట్టడం మొదలుపెట్టాడు. డబ్బు ఎంతివ్వాలని అడిగితే "ముందు చెట్లు బతకనీ, లెక్క తరువాత చూద్దాం" అన్నాడు. రెండు వేసవులు అలా గడిచాయి. ఆ లెక్క ఇంతవరకు చూడలేదు. నేను చర్చిలో ముప్పై ఏళ్ళు కృప అన్న మాటను విన్నాను, పాడాను. అర్హత లేకుండా అందేది అని అర్థం కూడా చెప్పగలను. కానీ గట్టు కోసం నేను తిట్టిన మనిషి తెచ్చిన పైపు నుండి నా మొక్క మొదట్లోకి నీళ్ళు పారినప్పుడు, ఆ మాటకు అర్థం కంటితో చూశాను. దెబ్బలు తిని దారిలో పడి ఉన్నవాడికి సాయం చేసినవాడు, యూదులు దూరంగా ఉంచే సమరయుడని ప్రభువు ఊరికే చెప్పలేదు. కాబట్టి, కృప మీ సంఘం గోడల లోపల, సాక్ష్యాల సమయంలోనే కనిపించాలని నియమం పెట్టుకోకండి. ఈ ఏడాదిలో మీకు అడగకుండా చేయి అందించినవారు ఎవరో ఒకసారి తలచుకోండి.

రెండవది, యిర్మీయాదే. అదే ప్రవక్త తరువాత 32వ అధ్యాయంలో ఒక పొలం కొన్నాడు. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించి ఉంది, ఆయన స్వయంగా బందీగా ఉన్నాడు, పొలం ఉన్న అనాతోతు శత్రువుల చేతిలో పడబోతున్నది. అటువంటి సమయంలో 17 తులాల వెండి తూచి ఇచ్చి, సాక్షుల చేత సంతకాలు పెట్టించి, ముద్ర వేసిన పత్రాన్నీ ముద్ర లేని పత్రాన్నీ చాలా రోజులు చెడిపోకుండా మంటికుండలో దాచమన్నాడు. రిజిస్ట్రారు ఆఫీసు చుట్టూ తిరిగిన రైతుగా చెబుతున్నాను, బైబిలులో నాకు ఇంత ఇష్టమైన చోటు లేదు. ఆ పొలాన్ని యిర్మీయా దున్నినట్లు ఎక్కడా లేదు. ఆయనను చివరికి ఐగుప్తుకు తీసుకుపోయారు. అయినా కాగితం మాత్రం పక్కాగా రాయించాడు. మభ్యపెట్టుకునేవాడు తూకం సరిచూసుకోడు, సాక్షులను పిలవడు.

మీరు కూడా అలాగే ఒక నోటు పుస్తకంలో ఎవరికెంత బాకీ, ఎప్పటికి కట్టాలి అన్నది మీవారితోనే కాక, మామగారితో కూడా కూర్చుని రాయండి. నగలు బ్యాంకులో ఉంటే గడువు తీరక ముందే వెళ్ళి, వడ్డీ మటుకు కట్టి తిరగరాయించుకునే వీలుందేమో మేనేజరును అడగండి. వేలం నోటీసు వచ్చాక అడిగేదానికీ, ముందుగా అడిగేదానికీ చాలా తేడా ఉంటుంది. నూటికి మూడు రూపాయల వడ్డీకి బయట తెచ్చి బ్యాంకుకు కట్టే పని మాత్రం చేయకండి. నేను ఒకసారి చేసి, రెండెకరాలు పోగొట్టుకున్నాను.

 


సమాధానం: విశ్రాంత నర్సు, చిత్తూరు

చెల్లెమ్మా, నేను వేలూరులో ఇరవై ఆరేళ్ళు నర్సుగా పనిచేసి ఇప్పుడు చిత్తూరులో ఉంటున్నాను. మీ ఉత్తరం చదివి అందరూ అత్తగారి గురించి, అప్పు గురించి, కార్డు గురించి మాట్లాడారు. నేను మీ గురించి మాట్లాడతాను, ఎందుకంటే "నిద్రకు చాలదు" అని మీరు మధ్యలో ఒక మాట రాసి దాటిపోయారు.

డయాలసిస్ గది బయట బెంచీ మీద నాలుగేసి గంటలు కూర్చునే ఆడవాళ్ళను నేను ఎంతోమందిని చూశాను. లోపల ఉన్న రోగికి మంచం ఉంటుంది, యంత్రం ఉంటుంది, రక్తపోటు చూసేవాళ్ళు ఉంటారు. బయట ఉన్న మనిషి తిన్నదా అని అడిగేవారుండరు. అలా నెలలు గడిచాక ఆ మనిషి తనకు విశ్వాసం తగ్గిపోయిందని అనుకుంటుంది. చాలాసార్లు తగ్గినది విశ్వాసం కాదు, నిద్ర, తిండి.

ఇది నా సొంత కవిత్వం కాదు. ఏలీయా ప్రవక్త ప్రాణం మీద విసిగి, ఇక చాలు, నన్ను తీసుకుపొమ్మని అరణ్యంలో ఒక చెట్టు కింద పడుకున్నాడు. మన తెలుగు బైబిలు దానిని బదరీవృక్షం అంటుంది, అంటే మన రేగుచెట్టు. అప్పుడు దేవదూత వచ్చి ఆయన విశ్వాసాన్ని పరీక్షించలేదు, పాపం ఒప్పుకోమనలేదు. లేచి భోజనం చేయమన్నాడు. ఆయన కాల్చిన రొట్టె తిని, నీళ్ళు తాగి, మళ్ళీ పడుకున్నాడు. రెండవసారి కూడా దూత తట్టి లేపి తినమనే అన్నాడు. దేవుడు ఏలీయాతో మాట్లాడింది ఆ తరువాత, నలభై రోజుల ప్రయాణం అయ్యాక. ఏలీయా "చాలు" అన్నదీ, పౌలు విన్న "చాలును" అన్నదీ ఒకే మాట. ఒకటి ఇక నా వల్ల కాదనడం. మరొకటి, నీ వల్ల కాని చోటికి నేను వస్తానని చెప్పడం.

ఏ లెక్కన చాలును అని అడిగారు. నాకు తెలిసిన లెక్క మన్నా లెక్క. అరణ్యంలో దేవుడు కురిపించిన మన్నా అనే ఆహారాన్ని ఇశ్రాయేలీయులు ఏ రోజుకు ఆ రోజే కూర్చుకోవాలి. రేపటికి దాచుకుంటే పురుగు పట్టి కంపు కొట్టింది, విశ్రాంతిదినమైన సబ్బాతుకు ముందు రోజు తప్ప. ఎక్కువ కూర్చుకున్నవానికి మిగల్లేదు, తక్కువ కూర్చుకున్నవానికి తక్కువ కాలేదు. ప్రభువు నేర్పిన ప్రార్థనలో కూడా అనుదినాహారం "నేడు" దయచేయమనే అడుగుతాము. మనం ఫిబ్రవరి నుండి వచ్చే ఫిబ్రవరి దాకా సరిపడే కృపను ఒక్కసారి చేతిలో పెట్టమంటాము. నేను చూసినంతలో అది అలా రాదు. మంగళవారం డయాలసిస్‌కు కావలసిన బలం మంగళవారమే వస్తుంది, అదీ ఒక్కోసారి బస్సు ఎక్కిన తరువాత.

వేలూరులో పనిచేసినవారందరికీ తెలిసిన డాక్టర్ మేరీ వర్గీస్ గారి సంగతి ఒకటి చెప్పాలి. ఆమె అక్కడ యువ వైద్యురాలిగా ఉండగా 1954లో రోడ్డు ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిని నడుము కింది భాగం చచ్చుబడింది. నడక తిరిగి రాలేదు. చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేయడం నేర్చుకున్నారు. వంకరపోయిన వేళ్ళను సరిచేసే ఆ పని కూర్చుని చేయగలిగినది. తరువాత పునరావాస వైద్యం చదివి వచ్చి, 1966లో వేలూరు దగ్గరి బాగాయంలో తెరిచిన పునరావాస కేంద్రానికి మూలమయ్యారు. దానికి ఇప్పుడు ఆమె పేరే ఉంది. నేను అక్కడ కొంతకాలం పనిచేశాను. చెట్టు మీద నుండి పడిన కల్లుగీత కార్మికులు, మోటారు సైకిలు ప్రమాదాల కుర్రవాళ్ళు నడుము కింద స్పర్శ లేకుండా వచ్చేవారు. వారిని నడిపిస్తామని మేము ఎన్నడూ చెప్పలేదు. మంచం మీద నుండి కుర్చీలోకి తమంతట తాము జరగడం నేర్పేవాళ్ళం; దానికే కొందరికి వారాలు పట్టేది. మొదటిసారి జరగగలిగిన రోజున కొందరు నవ్వేవారు, కొందరు భోరున ఏడ్చేవారు. "బలహీనతయందు నా శక్తి పరిపూర్ణమగుచున్నది" అన్న వచనాన్ని ఎవరైనా ప్రసంగంలో గట్టిగా అరిచి చెబితే నాకు ఆ జానెడు దూరం గుర్తుకొస్తుంది. ప్రమాదం మంచిదేనని మేరీ గారి గురించి ఎవరూ అనకూడదు, నేనూ అనను. జరిగినది హాని. ఆ హానికి చివరి మాట దక్కలేదు, అంతే.

ఇక పనికి వచ్చే సంగతులు. డయాలసిస్ ఖర్చు ఎన్టీఆర్ వైద్య సేవ కింద వస్తుంది. మీకు అది అందుతున్నదో లేదో మీరు రాయలేదు. అందకపోతే ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను కలవండి. అదిగాక, డయాలసిస్ మీద ఉన్న కిడ్నీ రోగులకు ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. మీ సచివాలయంలో అడగండి, ఒకసారి అడిగి ఊరుకోకండి. వారానికి ఒక రోజైనా అత్తగారితో వెళ్ళే పని మీవారో, మీ సంఘంలోని స్త్రీల సమాజం వారో తీసుకోవాలి. పాపం సంగతి చెప్పిన ఆ పెద్దావిడనే అడగండి. నేను హాస్యానికి అనడం లేదు. ప్రేమగా చెప్పారని మీరే రాశారు గదా, ఆ ప్రేమకు ఏమి చేయాలో తెలియక నోటికి పని చెప్పి ఉంటారు. బెంచీ మీద నాలుగు గంటలు కూర్చునే పని ఇచ్చి చూడండి.


ప్రశ్న అడిగినవారి నుండి: చిత్తూరు గృహిణి

అందరికీ వందనములు. రేణిగుంట అన్నగారికి కూడా. జవాబు రాయడానికి మూడు వారాలు పట్టినందుకు క్షమించండి.

మాస్టారు గారు చెప్పినట్లు ఆ ఉత్తరాన్ని మా అమ్మాయితో కలిసి మొదటి నుండి చదివాను. తను హనన్యా దగ్గర ఆగి, "ఈయన కార్డులైతే బాగా అమ్ముడుపోయేవి" అంది. చాలా రోజుల తరువాత మా ఇంట్లో అందరూ ఒకేసారి నవ్వారు. అత్తగారు కూడా నవ్వారు. కార్డు అద్దం మీదే ఉంది. దాని కింద పాప ఒక కాగితం అంటించి 4 నుండి 10 వరకు ఉన్న వచనాలను రాసింది. ఇప్పుడు అద్దంలో ముఖం సగమే కనిపిస్తున్నది.

తవణంపల్లె అన్నా, నోటు పుస్తకం రాశాము. రాస్తుండగా మామగారు ఇంతవరకు మాకు చెప్పని ఒక చేబదులు బయటపడింది. ఆ పూట ఇంట్లో గొడవ జరిగింది, మాటలు పడ్డాము. అయినా బ్యాంకుకు ముందుగానే వెళ్ళాము. వడ్డీ కడితే తిరగరాస్తామన్నారు. అడగకుండా చేయి అందించినవారిని తలచుకోమన్నారు. ట్రాక్టరు వరుసలో ఉన్న మూడు రాత్రులూ మావారికి అన్నం తెచ్చిపెట్టినది ఎదురింటి సాయిబు గారి అబ్బాయి. నేను నా మొదటి ఉత్తరంలో ఆ మూడు రాత్రులను రాశాను, ఆ అన్నాన్ని రాయలేదు.

పెద్దావిడను అడిగాను, అక్కా. గురువారాలు ఆమె వెళ్తున్నారు. రెండవ గురువారం తిరిగి వచ్చి, లోపల ఉన్నవారిలో పద్దెనిమిదేళ్ళ పిల్లవాడు కూడా ఉన్నాడని చెప్పి చాలాసేపు మౌనంగా కూర్చున్నారు. పాపం సంగతి మళ్ళీ ఎత్తలేదు.

మొన్న ఆదివారం సాక్ష్యాల సమయంలో నేను లేచాను. చెప్పడానికి మేలు ఏమీ లేదని, కీర్తన ఒకటి చదువుతానని చెప్పి 13వ కీర్తన తీశాను. ఎన్నాళ్ళవరకు, ఎంతకాలము అని దావీదు నాలుగు సార్లు అడిగే ఆ కీర్తనలో మొత్తం ఆరు వచనాలే. నాలుగింటిని చదివాను. అయిదవ వచనం "నేనైతే నీ కృపయందు నమ్మిక యుంచియున్నాను" అని మొదలవుతుంది. అక్కడ నా గొంతు ఆగిపోయింది. ఏడుపు వల్ల కాదు. అది నిజంగా నా మాటేనా అన్న అనుమానం వల్ల. కొద్దిసేపు ఎవరూ కదల్లేదు. తరువాత వెనుక వరుసలో నుండి ఎవరో ఒక మగ గొంతు ఆ రెండు వచనాలను నా బదులు చదివింది. నేను తిరిగి చూడలేదు. ఎవరో ఇప్పటికీ తెలియదు, మావారు చూశారట గానీ చెప్పవద్దన్నాను.

నర్సు అక్కా, పింఛను కోసం సచివాలయానికి రేపు వెళ్తున్నాను. ఆధార్, రేషన్ కార్డు, డయాలసిస్ పుస్తకం తీసుకున్నాను. డాక్టరు సంతకంతో వేరే కాగితం కూడా కావాలని ఇక్కడ ఒకరు అంటున్నారు. అది మేము వెళ్ళే ఆసుపత్రిలోనే ఇస్తారా, లేక జిల్లా ఆసుపత్రికి వెళ్ళాలా? తెలిస్తే ఈ రాత్రికి రాయగలరు. పొద్దున అయిదున్నర బస్సుకు అత్తగారితో బయలుదేరాలి, ఆ తరువాత ఫోను చూసే వీలుండదు.